రాష్ట్ర సుప్రీంకోర్టు ఖాయం చేసిన మరణశిక్షను ఫెడరల్ కోర్టు మళ్ళీ ఎందుకు చూస్తుంది?

ప్రశ్న: నేను తెనాలిలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. మా అబ్బాయి కుటుంబం అమెరికాలో ఫిలడెల్ఫియా శివార్లలో ఉంటోంది. 2012 అక్టోబరులో ఆ ప్రాంతంలోనే పది నెలల తెలుగు పసిపాపను, ఆమె నాయనమ్మను చంపిన కేసులో మన తెలుగువాడికే 2014లో మరణశిక్ష పడింది. 2017లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. 2018 ఫిబ్రవరి 23న అమలు చేస్తారని పత్రికల్లో చదివాం, అదీ ఆగిపోయింది. సామాన్య పౌరులతో కూడిన జ్యూరీ తేల్చి, రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం సరేనన్నాక కూడా ఇంకా ఫెడరల్ కోర్టు ఉందంటున్నారు. ఆ కోర్టు నేరం ఎవరు చేశారని మొదటి నుంచీ మళ్ళీ విచారిస్తుందా? ఇక్కడ రాష్ట్రపతికి పెట్టుకున్నట్టు అక్కడ అధ్యక్షుడికి క్షమాభిక్ష అర్జీ పెట్టుకోవచ్చా? మన ప్రభుత్వం కల్పించుకోగలదా? పిల్లల్ని అక్కడికి పంపిన మాలాంటివాళ్ళం తెలుసుకోవలసినది ఏమైనా ఉందా?

సమాధానం: మాస్టారూ, మీరు ప్రస్తావించిన కేసులో శిక్ష సబబా కాదా అన్న చర్చలోకి నేను వెళ్ళను. అందులో పసిబిడ్డను, తల్లిని పోగొట్టుకున్న కుటుంబం ఉంది, వాళ్ళ పేర్లతో పని లేకుండానే మీ ప్రశ్నలకు జవాబు చెప్పవచ్చు. అయితే 2018 నాటి తేదీ సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే మీ అయోమయానికి సగం కారణం అదే. పెన్సిల్వేనియా చట్టం ప్రకారం రాష్ట్ర సుప్రీంకోర్టు మరణశిక్షను ఖాయం చేసి రికార్డు పంపాక, గవర్నరు నిర్ణీత గడువులో వారంటుపై సంతకం చేయాలి. ఆయన చేయకపోతే జైళ్ళ శాఖ కార్యదర్శే అమలు తేదీ ప్రకటించి తీరాలి. అంటే ముద్దాయికి ఇంకా రెండు విడతల న్యాయమార్గాలు మిగిలి ఉండగానే తేదీ పడిపోతుంది, పత్రికలు రాసేస్తాయి, ఆ వెంటనే కోర్టు స్టే ఇస్తుంది. దానికి తోడు 2015 ఫిబ్రవరి నుంచి ఆ రాష్ట్ర గవర్నర్లు మరణశిక్షల అమలును నిలిపివేస్తూ వస్తున్నారు. 1976లో అమెరికా సుప్రీంకోర్టు మరణశిక్షకు తిరిగి దారి తెరిచాక పెన్సిల్వేనియాలో అమలైనవి మూడే: 1995లో రెండు, 1999లో ఒకటి. ఆ ముగ్గురూ తమ అప్పీళ్ళను తామే వదులుకున్నవాళ్ళు. కాబట్టి 2018లో తేదీ ఆగడం వెనుక ఎవరి పలుకుబడీ లేదు. అక్కడ అది ఆగకపోతేనే వింత.

ఇక అసలు విషయం. మన దేశంలో న్యాయస్థానాలన్నీ ఒకే నిచ్చెన. సెషన్స్ కోర్టు మరణశిక్ష వేస్తే హైకోర్టు దాన్ని ధ్రువీకరించాలి, ఆపైన సుప్రీంకోర్టు ఉంటుంది, ప్రతి మెట్టు మీదా సాక్ష్యాన్ని మళ్ళీ తూచి చూడవచ్చు. అమెరికాలో రెండు న్యాయవ్యవస్థలు పక్కపక్కన నడుస్తాయి, ఒకటి రాష్ట్రానిది, రెండోది దేశ ప్రభుత్వానిది, అంటే ఫెడరల్. హత్య సాధారణంగా రాష్ట్ర చట్టం కింద నేరం. పోలీసులు, ప్రాసిక్యూటరు, జడ్జి, జ్యూరీ, జైలు, అన్నీ రాష్ట్రానివే. ఆ రాష్ట్ర చట్టానికి అర్థం చెప్పడంలో రాష్ట్ర సుప్రీంకోర్టుదే చివరి మాట, ఫెడరల్ కోర్టు అందులో వేలు పెట్టదు. కానీ నిందితుడికి సమర్థుడైన న్యాయవాది సాయం, నిష్పాక్షికమైన జ్యూరీ, తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పనక్కరలేని రక్షణ, ఇవన్నీ దేశ రాజ్యాంగం ఇచ్చిన హక్కులు. రాష్ట్ర కోర్టు ఆ హక్కులకు గండి కొట్టి మనిషిని జైల్లో పెట్టిందా అన్నది మాత్రం ఫెడరల్ కోర్టు అడగగలిగిన ప్రశ్న.

అలా అడగడానికి వాడే సాధనం మీకూ తెలిసినదే, హెబియస్ కార్పస్ పిటిషన్. మన దగ్గర ఎవరినైనా పోలీసులు తీసుకెళ్ళి చూపించకపోతే హైకోర్టులో వేసేది. అమెరికాలోనూ పుట్టుక అదే, నిర్బంధం చట్టబద్ధమా అని నిలదీయడం. అయితే అంతర్యుద్ధం ముగిశాక, 1867లో, వాళ్ళ పార్లమెంటు రాష్ట్రాల జైళ్ళలో ఉన్న ఖైదీలు కూడా ఫెడరల్ కోర్టుకు వెళ్ళేలా దీని పరిధిని పెంచింది. అందుకే ఈ కేసుల్లో ఖైదీ పిటిషనరు అవుతాడు, అతన్ని తన అధీనంలో ఉంచుకున్న జైలు వార్డెనో, జైళ్ళ శాఖ కార్యదర్శో ప్రతివాది అవుతాడు. సాంకేతికంగా ఇది సివిల్ దావా, క్రిమినల్ కేసుకు కొనసాగింపు కాదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే 'మొదటి నుంచీ మళ్ళీ విచారిస్తుందా' అన్న మీ ప్రశ్నకు జవాబు సగం దొరికినట్టే. విచారించదు.

ఖైదీ నేరుగా ఆ మెట్టు ఎక్కలేడు కూడా. మొదట రాష్ట్ర సుప్రీంకోర్టులో నేరుగా అప్పీలు నడవాలి. అది పోయాక, కావాలంటే, తొంభై రోజుల్లో దేశ సుప్రీంకోర్టును విన్నపం వినమని అడగవచ్చు. ఆ కోర్టు నూటికి తొంభైకి పైగా అలాంటి విన్నపాలను కారణం చెప్పకుండానే పక్కన పెడుతుంది. ఆ తర్వాత రాష్ట్ర కోర్టులోనే రెండో విడత మొదలవుతుంది. తొలి విచారణ రికార్డులో కనిపించని లోపాలు, ముఖ్యంగా 'నా లాయరు పని సరిగా చేయలేదు' అన్న ఫిర్యాదు, ఎక్కువగా ఇక్కడే చెప్పుకోవాలి. ఈ రెండు విడతల్లో రాష్ట్ర కోర్టుల ముందు పెట్టిన రాజ్యాంగ ఫిర్యాదులనే మూడో విడతలో ఫెడరల్ జిల్లా కోర్టు తీసుకుంటుంది. అక్కడ ఓడితే పై కోర్టుకు వెళ్ళడం హక్కు కాదు, అందులో చర్చించదగ్గ అంశం ఉందని అనుమతి పత్రం తెచ్చుకోవాలి. పెన్సిల్వేనియాకు ఆ పై కోర్టు ఫిలడెల్ఫియాలో ఉన్న మూడో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు.

1996 ఏప్రిల్ 24న అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేసిన చట్టం ఈ మూడో విడతను బాగా ఇరుకు చేసింది. అంతకు ముందటి ఏడాది ఓక్లహోమా సిటీలో జరిగిన బాంబు దాడి తర్వాత, ఉగ్రవాదాన్ని అరికట్టడానికి తెచ్చిన చట్టంలోనే మరణశిక్షల అమలు త్వరగా జరగాలన్న భాగాన్ని కూడా కలిపారు. దాని ప్రకారం రాష్ట్ర కోర్టు తీర్పు తప్పు అని ఫెడరల్ జడ్జికి అనిపిస్తే చాలదు. ఆ తీర్పు దేశ సుప్రీంకోర్టు అప్పటికే స్పష్టంగా చెప్పిన సూత్రానికి విరుద్ధంగా ఉండాలి, లేదా ఆ సూత్రాన్ని అసమంజసంగా వర్తింపజేసి ఉండాలి, లేదా రికార్డులో ఉన్న సాక్ష్యాన్ని బట్టి అసమంజసమైన నిర్ధారణకు వచ్చి ఉండాలి. రాష్ట్ర కోర్టు తేల్చిన వాస్తవాలు సరైనవే అన్న భావనతో మొదలుపెట్టాలి. క్రికెట్ చూసేవాళ్ళకు 'అంపైర్స్ కాల్' తెలుసు కదా, బంతి వికెట్టు అంచును తాకేదేమోనని తెర మీద కనిపించినా మైదానంలోని అంపైరు ఇచ్చిన నిర్ణయమే నిలుస్తుంది. ఇదీ అలాంటిదే. 2011లో దేశ సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసి, నిష్పాక్షికంగా ఆలోచించే న్యాయమూర్తుల మధ్య భిన్నాభిప్రాయానికి వీలుంటే రాష్ట్ర కోర్టు మాటనే ఉంచాలని చెప్పింది. అదే ఏడాది మరో కేసులో, రాష్ట్ర కోర్టు ముందున్న రికార్డును బట్టే ఆ తీర్పును కొలవాలి తప్ప తర్వాత దొరికిన కొత్త సాక్ష్యంతో కాదని కట్టడి చేసింది.

ఇంత ఇరుకు దారిలో ఎవరైనా గట్టెక్కుతారా అంటే, ఎక్కినవాళ్ళున్నారు. మీ అబ్బాయి ఉంటున్న రాష్ట్రం నుంచే ఒక ఉదాహరణ చెబుతాను, ఎందుకంటే ఫెడరల్ కోర్టు దేన్ని చూస్తుందో, దేన్ని చూడదో ఇందులో దగ్గరగా కనిపిస్తుంది. 1988 జనవరిలో అలెన్‌టౌన్‌లో ఒక బారు యజమానిని పొడిచి, నిప్పంటించి చంపారు. రోనాల్డ్ రోంపిలా అనే వ్యక్తిని జ్యూరీ దోషిగా తేల్చింది. అమెరికాలో మరణశిక్ష కేసుల్లో విచారణ రెండు భాగాలు. దోషి అని తేలాక, అదే జ్యూరీ శిక్ష ఏమిటన్నది విడిగా వింటుంది. అక్కడ ప్రాసిక్యూషన్ నేర తీవ్రతను చూపుతుంది, డిఫెన్స్ ఆ మనిషి బతుకులో దయ తలచదగ్గది ఏముందో చూపాలి. రోంపిలా మీద పాత అత్యాచారం కేసు ఉందని, దాన్ని శిక్ష దశలో వాడతామని ప్రాసిక్యూషన్ ముందే చెప్పింది. ఆ పాత కేసు ఫైలు ఎక్కడో మారుమూల లేదు, విచారణ జరిగే కోర్టు భవనంలోనే, అడిగితే ఇచ్చే బహిరంగ రికార్డుగా ఉంది. ప్రభుత్వం తరఫున కుదిర్చిన డిఫెన్స్ లాయర్లు ప్రాసిక్యూషన్ రెండోసారి చెప్పేదాకా ఆ ఫైలు తెరిచి చూడలేదు, అప్పుడూ పూర్తిగా చదవలేదు.

ఆ లాయర్లు సోమరులేం కాదు. కుటుంబ సభ్యులతో మాట్లాడారు, ముగ్గురు మానసిక వైద్య నిపుణుల్ని సంప్రదించారు. ముద్దాయే తన బాల్యం మామూలుగానే గడిచిందని చెప్పాడు, సహకరించలేదు. ఫైలులో మాత్రం వేరే కథ ఉంది: తాగుబోతు తల్లిదండ్రులు, మురికివాడ, మానసిక వ్యాధి లక్షణాలు చూపించే పరీక్షలు, తొమ్మిదేళ్ళు బడికి వెళ్ళినా మూడో తరగతి స్థాయి దాటని చదువు. ఆ దారి పట్టుకుని తర్వాతి లాయర్లు తవ్వితే, తండ్రి పిల్లల్ని కుక్కలు కట్టేసే జాలీ దొడ్డిలో పెట్టి తాళం వేసేవాడన్న సంగతి కూడా బయటపడింది. జ్యూరీ ఇదేమీ వినలేదు. రాష్ట్ర కోర్టులు 'లాయర్లు చేయవలసినంత చేశారు' అన్నాయి. ఫెడరల్ జిల్లా కోర్టు కాదంది. మూడో సర్క్యూట్ కోర్టు మళ్ళీ రాష్ట్రం వైపే మొగ్గింది. చివరికి 2005 జూన్‌లో దేశ సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురి తేడాతో, ప్రాసిక్యూషన్ వాడబోతున్నానని చెప్పిన ఫైలును కూడా చదవకపోవడం ఏ కొలత ప్రకారమూ సమంజసం కాదని తేల్చి మరణశిక్షను పక్కన పెట్టింది. నేరం జరిగిన పదిహేడేళ్ళకు, ఒక్క ఓటు తేడాతో! ఆ తర్వాత అతని శిక్ష యావజ్జీవంగా మారింది.

ఇందులో ఏ కోర్టూ అతను నిర్దోషి అనలేదని గమనించండి. హత్య చేశాడన్న తీర్పు అలాగే ఉంది, పోయింది మరణశిక్ష ఒక్కటే. పత్రికల్లో 'ఫెడరల్ కోర్టు శిక్ష రద్దు చేసింది' అన్న వార్త చూసినప్పుడు, రద్దయింది దోషి అన్న తీర్పా, శిక్ష మాత్రమేనా అన్నది ముందు వెతుక్కోండి, మన పత్రికలు ఆ తేడాను తరచు వదిలేస్తాయి. దోషి అన్న తీర్పే రద్దయినా జైలు తలుపులు ఆ పూట తెరుచుకోవు. ఫలానా గడువులోగా మళ్ళీ విచారణ జరపండి, లేదా శిక్షను మళ్ళీ నిర్ణయించండి, అది చేయకపోతే విడిచిపెట్టండి అన్న షరతుతో సాధారణంగా ఉత్తర్వు వస్తుంది. రాష్ట్రం దాదాపు ఎప్పుడూ మొదటి దారినే ఎంచుకుంటుంది, లేదా పైకి అప్పీలుకు వెళుతుంది. అలాగే పిటిషన్ కొట్టేశారంటే శిక్ష న్యాయమైనదని ఫెడరల్ జడ్జి మెచ్చుకున్నాడనీ కాదు. రాష్ట్ర కోర్టు చేసినది మరీ అసమంజసం కాదన్నంత వరకే దాని అర్థం.

చాలా పిటిషన్లు ఆ ప్రశ్న దాకా కూడా రావు, గుమ్మంలోనే ఆగిపోతాయి. మొదటి అడ్డంకి గడువు. 1996 చట్టం ఖైదీకి ఒక్క సంవత్సరమే ఇచ్చింది. నేరుగా వేసిన అప్పీలు పూర్తిగా ముగిసిన రోజు నుంచి ఆ గడియారం నడుస్తుంది, రాష్ట్ర కోర్టులో రెండో విడత పిటిషన్ సరిగ్గా దాఖలై పెండింగులో ఉన్నంత కాలం ఆగుతుంది. లాయరు ఆ రెండో విడత పిటిషన్ వేయడానికే మూడు వందల రోజులు తీసుకున్నాడనుకోండి, రాష్ట్రంలో అంతా ముగిశాక ఫెడరల్ కోర్టుకు వెళ్ళడానికి మిగిలేది అరవై అయిదు రోజులు. ఫ్లోరిడాలో ఒక మరణశిక్ష ఖైదీ జైలు నుంచి తన లాయరుకు గడువు దాటనివ్వొద్దని ఉత్తరం మీద ఉత్తరం రాశాడు. లాయరు పలకలేదు, గడువు దాటింది. లాయరు నిర్లక్ష్యం అంత ఘోరమైతే గడువును సడలించవచ్చని 2010లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. కానీ మామూలు ఏమరుపాటుకు ఆ సడలింపు లేదని అదే తీర్పులో గీత గీసింది.

రెండోది ఇంతకన్నా కఠినం. రాష్ట్ర కోర్టులో, రాష్ట్రం పెట్టిన పద్ధతిలో, పెట్టిన సమయానికి లేవనెత్తని ఫిర్యాదును ఫెడరల్ కోర్టు సాధారణంగా వినదు. వర్జీనియాలో గ్రండీ అనే బొగ్గుగనుల ఊళ్ళో మరదలిని చంపాడన్న నేరానికి మరణశిక్ష పడిన రోజర్ కోల్మన్ కేసులో, రాష్ట్ర కోర్టులో రెండో విడత ఓడాక అతని లాయర్లు ముప్ఫై రోజుల్లో ఇవ్వవలసిన అప్పీలు నోటీసును ముప్ఫై మూడో రోజున ఇచ్చారు. ఆ మూడు రోజుల ఆలస్యంతో అతని రాజ్యాంగ ఫిర్యాదులన్నిటికీ ఫెడరల్ కోర్టు తలుపు మూసుకుపోయింది. 1991లో సుప్రీంకోర్టు దాన్నే సమర్థించింది. ఆ దశలో ప్రభుత్వ ఖర్చుతో లాయరును పొందే రాజ్యాంగ హక్కే లేదు గనుక లాయరు తప్పు ఖైదీ ఖాతాలోకే వెళుతుందంది. 1992 మేలో అతన్ని విద్యుత్ కుర్చీలో చంపారు. అతను నిర్దోషి అని దేశమంతా గోల జరిగింది. 2006లో ఆ రాష్ట్ర గవర్నరు చేయించిన డీఎన్ఏ పరీక్షలో మాత్రం అతనే నేరస్థుడని తేలింది. కొందరు ఈ ముగింపు చూపించి ఆ నియమం సరైనదే అంటారు. నాకు ఆ వాదన రుచించదు. మూడు రోజుల ఆలస్యం అతను దోషి అని ఎవరికీ చెప్పలేదు, ఆ నియమం దోషినీ నిర్దోషినీ ఒకే గాట కట్టేస్తుంది.

అలా కట్టేసిన మరో కేసు చూడండి. అరిజోనాలో బ్యారీ జోన్స్ అనే వ్యక్తికి 1995లో నాలుగేళ్ళ పాప హత్య కేసులో మరణశిక్ష వేశారు. ఆ పాపకు లోపలి గాయం తగిలిన సమయానికి ఆమె అతని దగ్గర ఉందన్నదే కేసుకు ఆధారం. ఆ గాయం అప్పటిది కాకపోవచ్చని చెప్పగల వైద్య సాక్ష్యాన్ని తొలి లాయరు వెతకలేదు. రెండో విడతలో వచ్చిన లాయరు ఆ లోపాన్ని ఎత్తి చూపనూ లేదు. చివరికి ఫెడరల్ జిల్లా కోర్టు వైద్యుల్ని పిలిపించి రోజుల తరబడి విని, 2018లో తీర్పు రద్దు చేసింది. 2022 మే 23న సుప్రీంకోర్టు ఆరుగురు ముగ్గురి తేడాతో దాన్ని తిప్పేసింది. ఇద్దరు లాయర్లూ వరుసగా విఫలమైనా సరే, రాష్ట్ర కోర్టు రికార్డులోకి ఎక్కని సాక్ష్యాన్ని ఫెడరల్ కోర్టు వినడానికి 1996 చట్టం ఒప్పుకోదంది. జోన్స్‌ను కాపాడింది కోర్టు కాదు, అరిజోనా అటార్నీ జనరల్ కార్యాలయంతో కుదిరిన ఒప్పందం. పాపను ఆస్పత్రికి తీసుకెళ్ళనందుకు తక్కువ తరగతి హత్యానేరం ఒప్పుకుని, అప్పటికే అనుభవించిన శిక్షతో 2023 జూన్‌లో బయటకు వచ్చాడు.

కొత్తగా నిర్దోషిత్వం బయటపడితే సంగతేమిటన్న సందేహం మీకు వస్తుంది. 1993 నాటి ఒక టెక్సాస్ కేసు నుంచి ఇప్పటివరకూ, నేను నిర్దోషిని అన్న మాట ఒక్కటే హెబియస్ ఉపశమనానికి సరిపోతుందని దేశ సుప్రీంకోర్టు చెప్పలేదు. గట్టి కొత్త సాక్ష్యం చూపగలిగితే, దాటిపోయిన గడువునో పోగొట్టుకున్న ఫిర్యాదునో మన్నించి గుమ్మం దాటనిస్తారు. లోపలికి వెళ్ళాక మళ్ళీ రాజ్యాంగ హక్కుకు భంగం జరిగిందనే నిరూపించాలి. చట్టం చదవని మనిషికి ఇది మింగుడుపడదు. చదివినవాళ్ళకూ సులభంగా మింగుడుపడుతుందని నేననుకోను.

ఏళ్ళ తరబడి జాప్యం ఎందుకన్నది కూడా ఇందులోంచే వస్తుంది. ప్రతి విడతలోనూ కొత్త లాయర్లు వేల పేజీల రికార్డును మొదటి నుంచి చదవాలి. మరణశిక్ష ఖైదీకి స్తోమత లేకపోతే ఫెడరల్ విడతలో ప్రభుత్వ ఖర్చుతో లాయరును ఇవ్వాలని చట్టమే చెబుతోంది. ఫిలడెల్ఫియాలోని ఫెడరల్ డిఫెండరు కార్యాలయంలో ఈ కేసులకే ప్రత్యేక విభాగం ఉంది. పిటిషన్ ఇంకా వేయకముందే లాయరు కోసం అడిగిన ఖైదీకి స్టే ఇచ్చే అధికారం జిల్లా కోర్టుకు ఉందని 1994లోనే తేలింది. జాప్యమంతా నేరస్థుడి ఎత్తుగడ అనుకునేవాళ్ళు రోంపిలా ఫైలును గుర్తు చేసుకోవాలి. తొలి విచారణలో ఒక మధ్యాహ్నం కూర్చుని ఆ ఫైలు చదివి ఉంటే ఆ పదిహేడేళ్ళలో చాలా భాగం అక్కరలేకపోయేది. ఆ జాప్యంలో నలిగేది ఖైదీ ఒక్కడే కాదు. చనిపోయినవాళ్ళ కుటుంబాలకు ప్రతి విడతా పాత గాయాన్ని కెలికే వాయిదానే.

క్షమాభిక్ష సంగతికి వస్తే, జవాబు చిన్నదే. అమెరికా అధ్యక్షుడి క్షమాధికారం ఫెడరల్ నేరాలకే పరిమితం, రాష్ట్ర కోర్టు వేసిన శిక్షను ఆయన తాకలేడు. మన రాజ్యాంగంలోని 72వ అధికరణం రాష్ట్రపతికి ప్రతి మరణశిక్ష మీదా క్షమాధికారం ఇస్తుంది గనుక మనవాళ్ళకు ఈ పొరపాటు సహజంగా వస్తుంది. 2024 డిసెంబరులో అధ్యక్షుడు బైడెన్ ఫెడరల్ మరణశిక్ష ఖైదీల్లో 37 మందికి యావజ్జీవం చేసినప్పుడు రాష్ట్రాల ఖైదీల్లో ఒక్కరికీ అది వర్తించలేదు. పెన్సిల్వేనియాలో గవర్నరు కూడా తనంత తాను మరణశిక్షను తగ్గించలేడు. క్షమాభిక్ష బోర్డు ఏకగ్రీవంగా సిఫారసు చేస్తేనే చేయగలడు. ఆయన చేతిలో విడిగా ఉన్నది అమలును తాత్కాలికంగా వాయిదా వేయడం, 2015 నుంచి జరుగుతున్నది అదే.

మన ప్రభుత్వం కల్పించుకోవడం గురించి మీరు అడిగింది మరింత జాగ్రత్తగా చెప్పవలసిన విషయం. విదేశీయుణ్ణి అరెస్టు చేస్తే, మీ దేశ కాన్సులేటుకు తెలియజేయమని కోరే హక్కు మీకుందని పోలీసులు జాప్యం లేకుండా చెప్పాలన్నది వియన్నా ఒప్పందంలోని 36వ అధికరణం. దాని మీదే భారత్ పాకిస్తాన్‌ను అంతర్జాతీయ న్యాయస్థానానికి లాగి, 2019 జూలైలో కులభూషణ్ జాధవ్ కేసులో అనుకూల తీర్పు తెచ్చుకుంది. అమెరికా మీద మెక్సికో కూడా అలాగే వెళ్ళి, 2004లో 51 మంది తన పౌరుల కేసుల్ని తిరిగి పరిశీలించాలన్న తీర్పు సాధించింది. అయినా 2008 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు, పార్లమెంటు చట్టం చేస్తే తప్ప ఆ అంతర్జాతీయ తీర్పు టెక్సాస్ కోర్టులను కట్టడి చేయదంది. దేశాధ్యక్షుడు బుష్ ఆ తీర్పును అమలు చేయమని రాసిన పత్రానికి కూడా ఆ బలం లేదంది. ఆ ఏడాది ఆగస్టులో ఆ 51 మందిలో ఒకడైన హోసె మెడెయిన్‌కు టెక్సాస్ మరణశిక్ష అమలు చేసేసింది. ఇలాంటి వివాదాలను అంతర్జాతీయ న్యాయస్థానానికి తీసుకెళ్ళే ఐచ్ఛిక ఒడంబడిక నుంచి అమెరికా 2005లోనే వైదొలగింది కాబట్టి, జాధవ్ విషయంలో మనకున్న దారి అక్కడ లేదు. భారత ప్రభుత్వం చేయగలిగింది కాన్సులేటు సాయం, దౌత్యపరమైన విన్నపం. కోర్టులో శిక్షను ఆపే అధికారం దానికి లేదు.

అంతేకాదు, కాన్సులేటు సంగతి పోలీసులు చెప్పలేదన్న ఫిర్యాదును కూడా తొలి విచారణలోనే లేవనెత్తకపోతే తర్వాత వినబోమని రాష్ట్రం అనవచ్చని, ఆ లోపం వల్ల నిందితుడి వాంగ్మూలం దానంతట అది చెల్లకుండా పోదని 2006లో అదే సుప్రీంకోర్టు తేల్చింది. కోల్మన్‌ను బలి తీసుకున్న నియమమే ఇక్కడా పనిచేస్తుంది.

అందువల్ల మీ అబ్బాయికి, అక్కడి మన పిల్లలకు చెప్పవలసినది ఫెడరల్ కోర్టు గురించి కాదు, మొదటి గంట గురించి. ఎంత చిన్న విషయమైనా పోలీసులు ప్రశ్నించడానికి పిలిస్తే, లాయరు వచ్చేదాకా మాట్లాడనని మర్యాదగా, స్పష్టంగా చెప్పి ఆ మాట మీదే నిలబడాలి. మనవాళ్ళు వివరించి చెబితే అర్థం చేసుకుంటారని గంటల తరబడి మాట్లాడేస్తారు, ఆ రికార్డింగే తర్వాత కేసంతా మోస్తుంది. అరెస్టు చేస్తే, భారత కాన్సులేటుకు తెలియజేయమని నోటితో అడగాలి, అడిగిన సంగతిని లాయరుకు చెప్పి కోర్టు రికార్డులోకి ఎక్కించాలి. పెన్సిల్వేనియా వాళ్ళకు అది న్యూయార్క్‌లోని కాన్సులేట్ జనరల్. వాళ్ళు జైలుకు వచ్చి చూడగలరు, ఇక్కడి కుటుంబానికి కబురు చేయగలరు, లాయర్ల జాబితా ఇవ్వగలరు, కేసు మాత్రం నడపరు. వీసా మీద ఉన్నా, గ్రీన్ కార్డు ఉన్నా భారత పౌరుడే గనుక ఈ హక్కు ఉంటుంది. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళకు చేతిలో ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా భారత కాన్సులేటు ద్వారా ఈ రక్షణ రాదు. మీ అబ్బాయి ఇంకా భారత పాస్‌పోర్టు మీదే ఉంటే, కాన్సులేటు అత్యవసర ఫోను నంబరు, క్రిమినల్ కేసులు చూసే స్థానిక లాయరు నంబరు కోడలి దగ్గర కూడా రాసి ఉంచమనండి. అరెస్టయిన మనిషి చేతిలో ఫోను ఉండదు, ఆ రెండు నంబర్లకూ ఫోను చేయవలసింది ఇంట్లోవాళ్ళే.